మన తొవ్వలు మనమే రాసుకోవాలి

ఉట్నూరు నుంచి బయటికి పోయే తొవ్వల్లో ఒక్కటీ సాఫుగా ఉండదు. గడ్డ ఎక్కితే వాగు, వాగు దాటితే మళ్లీ గడ్డ. అటూ ఇటూ నల్లరేగడి చేన్లు, పత్తి, సోయా, కంది. నడుమ నడుమ టేకు, ఇప్ప, మోదుగ చెట్లు. బస్సులో కూర్చున్నవాళ్లకు ఈ ఎత్తుపల్లాలు కుదుపులే. మోటారు సైకిల్ మీద పోయేవాళ్లకు అవి అసలు తెలియవు. సైకిల్ తొక్కేవాళ్లకు మాత్రం ప్రతి ఎక్కుడూ పిక్కల్లో గుర్తుంటుంది. ఎక్కడ దిగి నడిపించాలి, ఎక్కడ చెట్టు కింద ఆగాలి, ఏ ఊరి బోరింగు నీళ్లు తియ్యగా ఉంటాయి, ఇవన్నీ వాళ్లకు తెలుస్తాయి. ఒక ప్రాంతం తెలియడమంటే నా లెక్కలో ఇదే.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మన పిల్లలకు మన ప్రాంతం తెలియకుండా పోతోంది. అది వాళ్ల తప్పు కాదు. ఒకటో తరగతిలోనో మూడో తరగతిలోనో హాస్టల్‌కు పోతారు. సెలవులకు బస్సులోనో ఆటోలోనో ఇంటికి వస్తారు, మళ్లీ అట్లాగే పోతారు. మా బడిలో ఒకసారి ఆరు, ఏడు తరగతుల పిల్లలను మన మండలం బొమ్మ గీయమన్నాను. చార్మినార్ అయితే కళ్లు మూసుకుని గీస్తారు. కానీ తమ ఊరికీ పక్క ఊరికీ నడుమ వాగు ఉందో లేదో చాలామందికి తెలియదు. పక్క ఊరిలో తమ మేనత్త ఉంటుందని తెలుసు. ఆ ఊరు ఏ దిక్కున ఉందో తెలియదు.

మా బడి వెనక గదిలో సైకిళ్లు ఉన్నాయి. కొన్నేళ్ల కింద దాతలు ఇచ్చినవి. మొదటి ఏడాది బాగా తిరిగాయి. తరువాత ఒకదానికి ట్యూబు పోయింది, ఒకదానికి చైను తెగింది, ఒకదానికి ఫ్రీవీలు పట్టలేదు. ఊళ్లో సైకిల్ బాగుచేసేవాళ్లు ఇప్పుడు లేరు. ఒకప్పుడు కిరాయి సైకిళ్ల షాపు నడిపినతను మోటారు సైకిల్ మెకానిక్ అయ్యాడు. అందుకే పది రూపాయల సామానుకు వందల రూపాయల సైకిల్ మూలన పడింది. అన్నీ లెక్కపెడితే తొమ్మిది తేలాయి.

టీచర్లం తలా కొంత వేసుకున్నాం. నేను హైదరాబాదు పోయే పని ఉండి గౌలిగూడలో దిగాను.

గౌలిగూడ పేరు మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. ఆదిలాబాద్ వైపు నుంచి కోర్టుకో, దవాఖానకో, సెక్రటేరియట్‌కో పోయినవాళ్లకు పట్నం అంటే మొదట గౌలిగూడ బస్టాండే. 1932లో నిజాం సర్కారు రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. ఆ బస్సులకు ఠికాణా అయింది గౌలిగూడలోని పెద్ద ఇనుప రేకుల షెడ్డు. అది విమానాల కోసం అమెరికాలో చేసిన షెడ్డు. జనం నోట్లో ‘మిసిల్’ అయింది. 1994లో పక్కనే మూసీ మీద మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వచ్చాక దూరం బస్సులు అక్కడికి మారాయి. 2018 జూలై 5న ఆ పాత షెడ్డు కూలిపోయింది. ఇప్పుడు అక్కడ చూడడానికి ఏమీ లేదు. కానీ ఆ గల్లీలలో సైకిల్ షాపులు ఉన్నాయి. టైర్లు దండల్లా వేలాడుతుంటాయి, సీట్లు కుప్పగా పోసి ఉంటాయి.

నేను చీటీ చూపిస్తే ఒక పెద్దాయన చదివి అడిగాడు.

“ఏ ఊరమ్మా మీది?”

“ఉట్నూరు.”

“అక్కడ ఇంకా తొక్కుతున్నరా?”

“తొక్కించడానికే వచ్చిన.”

ఆయన నవ్వి, స్టూలు జరిపి కూర్చోమన్నాడు. ఒకప్పుడు జిల్లాల నుంచి వచ్చి లారీల్లో ఎక్కించుకుని పోయేవారట. ఇప్పుడు పట్నంలో పిల్లల సైకిళ్లు, ఆరోగ్యం కోసం తొక్కేవాళ్ల గేర్ సైకిళ్లు అమ్ముడవుతాయట. “మీ తొవ్వలకు గేర్లు వద్దమ్మా. చెడిపోతే ఎవరు చేస్తరు? మామూలు నల్ల సైకిలే మంచిది. టైరు మాత్రం మందంది తీసుకో,” అన్నాడు. ట్యూబులు, చైన్లు, బ్రేకు రబ్బర్లు, బాల్ బేరింగులు, రెండు పంపులు, సొల్యూషన్ ట్యూబులు, పానాల సెట్టు, అన్నీ ఒక గోనె సంచిలో కట్టిచ్చాడు. ఆ సంచి బస్సులో నా కాళ్ల దగ్గర పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

బాగుచేయడం పిల్లలకే అప్పజెప్పాం. కిరాయి సైకిళ్ల షాపు నడిపిన ఆ మెకానిక్‌ను రెండు ఆదివారాలు బడికి పిలిచాం. పంచరు ఎట్లా వెతకాలి, నీళ్ల పళ్లెంలో బుడగలు ఎక్కడ వస్తాయి, చైను ఎంత బిగువు ఉండాలి, అతను చేసి చూపించాడు. ఆడపిల్లలు కూడా పానా పట్టారు. తొమ్మిదిలో ఏడు నడిచాయి. మిగతా రెండింటి సామాను ఈ ఏడింటికి పనికొచ్చింది.

తరువాత వచ్చిన ప్రశ్న, ఎటు పోవాలి? పెద్ద రోడ్డు మీదికి పిల్లలను తీసుకుపోలేం. బండ్లు తక్కువ తిరిగే తొవ్వలు వెతికాం. వెతుకుతుంటే ఒక సంగతి అర్థమైంది. ఉట్నూరు చుట్టూ ఒక రోజులో సైకిల్ మీద పోయి రాగలిగిన దూరంలోనే మన చరిత్ర అంతా ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో వెతికితే దొరకనిది ఆ తొవ్వల పక్కన దొరుకుతుంది.

మొదటి తొవ్వ కేస్లాపూర్‌ది. ఉట్నూరు నుంచి ఇంద్రవెల్లి ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆ పైన ముత్నూరు. అక్కడ పెద్ద రోడ్డు వదిలి పక్కకు తిరగాలి. ముత్నూరు దాకా సైకిళ్లను ట్రాలీ ఆటోలో వేసుకుపోయి, అక్కడి నుంచి తొక్కితే పిల్లలకు బరువు కాదు. పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరిగేటప్పుడు ఆ తొవ్వ జనంతో, బండ్లతో నిండిపోతుంది. మిగతా రోజుల్లో మర్రిచెట్ల కింద గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అందుకే జాతర లేని రోజున పోయి చూడాలి. మెస్రం వాళ్లు గంగాజలం కోసం కేస్లాపూర్ నుంచి జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా చెప్పులు లేకుండా నడిచిపోయి వస్తారు. ఏ ఊళ్లో ఆగాలి, ఏ చెట్టు కింద బస చేయాలి అన్నది పెద్దలు చెప్పగా వచ్చిన వరుస. పిల్లలకు నేను అక్కడ కూర్చోబెట్టి చెప్పింది ఇదే. దారిని గుర్తుపెట్టుకోవడం, దారిని తరానికి తరం అప్పజెప్పడం మనకు కొత్త విద్య కాదు.

ఆ తొవ్వలోనే ఇంద్రవెల్లి స్తూపం దగ్గర ఆగాలి. 1981 ఏప్రిల్ 20 సోమవారం, అంగడి రోజు. భూమి కోసం సభ పెట్టుకుందామని వచ్చిన మనవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్లు 13 మంది. జనం చెప్పే లెక్క దానికంటే చాలా పెద్దది. ఆ రోజు సభకు చాలామంది కాలినడకన ఇట్లాంటి పక్క తొవ్వల నుంచే వచ్చారు. పిల్లలు ఆ తొవ్వ తొక్కి వచ్చి స్తూపం ముందు నిలబడితే, ఆ ఊళ్ల నుంచి ఇక్కడికి ఎంత దూరమో వాళ్ల కాళ్లకు తెలుస్తుంది. అప్పుడు పాఠం వేరేగా వినపడుతుంది.

రెండో తొవ్వ మార్లవాయిది. ఉట్నూరు నుంచి జైనూరు వైపు పోయి పక్కకు తిరగాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడైన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఉపయోగించుకుంది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. ఇద్దరి సమాధులూ అక్కడే ఉన్నాయి. ఇంతవరకు చాలామందికి తెలుసు. కానీ టీచర్లు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. 1943లో అదే మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలోనే వాచకాలు తయారుచేశారు, దేవనాగరి లిపిలో. మన పిల్లలకు మన భాషలో మనవాళ్లే చదువు చెప్పడం అప్పుడే జరిగింది. నా డి.ఎడ్. పుస్తకాల్లో రూసో ఉన్నాడు, మాంటిస్సోరి ఉంది, గిజుభాయి ఉన్నాడు. మార్లవాయి లేదు. గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ అందుకున్న కనకరాజుది కూడా ఆ ఊరే. ఇంత చిన్న ఊరికి ఇంత చరిత్ర ఉందని సైకిల్ దిగి నడిస్తేనే నమ్మబుద్ధి అవుతుంది.

మూడో తొవ్వ నార్నూర్ మండలంలోని గుంజాలది. ఈ ఊరి పెద్దల ఇళ్లలో దాచిన రాతప్రతుల వల్ల గోండి లిపి బయటి ప్రపంచానికి తెలిసింది. 2006లో జయధీర్ తిరుమలరావు గారు, హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని మీద పని మొదలుపెట్టారు. 2018లో ‘గుంజాల గోండి’ పేరుతో అది యూనికోడ్‌లో చేరింది. అంటే ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా ఆ అక్షరాలకు ఒక చోటు ఉంది. చైనా అక్షరాల పక్కన, అరబ్బీ అక్షరాల పక్కన గుంజాల అక్షరాలు. ఈ సంగతి తరగతి గదిలో చెబితే పిల్లలు వింటారు. ఎండలో తొక్కుకుంటూ పోయి, ఆ ఊరి పేరు బోర్డు దగ్గర సైకిల్ స్టాండ్ వేసి చెబితే మరిచిపోరు.

నాలుగో తొవ్వ పెద్దవాళ్లది. జైనూరు నుంచి కెరమెరి ఘాట్ దిగి, హట్టి దగ్గర తిరిగి, కొండలెక్కి జోడేఘాట్ చేరేది. ఘాట్‌లో మలుపులున్నాయి, ఎదురుగా బస్సులు వస్తాయి. బ్రేకులు బాగుంటేనే, అదీ కాలేజీ వయసు వాళ్లే పోవాలి. జోడేఘాట్‌లో భీము స్మారకం, మ్యూజియం ఉన్నాయి. జీపులో పోయినవాళ్లు అరగంటలో చూసి వస్తారు. ఆ కొండలు తొక్కుకుంటూ ఎక్కినవాళ్లకు, భీము ఆ చోటునే ఎందుకు ఎంచుకున్నాడో మ్యూజియం లోపలికి పోకముందే అర్థమవుతుంది.

ఒక చలికాలం పొద్దున జైనూరు దగ్గర చాయ్ హోటల్‌లో పట్నం నుంచి వచ్చిన ఇద్దరు సైకిల్ యువకులు కలిశారు. తల మీద హెల్మెట్లు, ఖరీదైన సైకిళ్లు. మంచి పిల్లలు, మర్యాదగా మాట్లాడారు. “మేడం, ఇంత ప్రశాంతమైన రోడ్లు మేము ఎక్కడా చూడలేదు,” అన్నారు. హైదరాబాదులో 2023లో అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారట, పైన సోలార్ పలకల కప్పు. “అయినా ఇక్కడి హాయి అక్కడ లేదు,” అన్నారు. మీ ఊళ్లలో ఏ తొవ్వలు బాగుంటాయో చెప్పమని అడిగారు. నేను చెప్పాను. కానీ ఇంటికి వచ్చే దాకా ఆ ప్రశాంతం అన్న మాట నన్ను వదలలేదు.

మన తొవ్వలు ఎందుకు ప్రశాంతంగా ఉన్నాయి? కొంత అడవి వల్ల. అది మన పెద్దలు కాపాడింది. కొంత మాత్రం బస్సు రాకపోవడం వల్ల. పొద్దున ఒక బస్సు, మాపటికి ఒక బస్సు, కొన్ని ఊళ్లకు అదీ లేదు. అతిథికి హాయినిచ్చే ఆ తొవ్వ మీదే నొప్పులు పడుతున్న ఆడమనిషి బండి కోసం ఎదురుచూస్తుంది. కాబట్టి మన తొవ్వలు ఇట్లాగే నిశ్శబ్దంగా ఉండాలని నేను కోరుకోను. బస్సు రావాలి, 108 రావాలి, వంతెనలు కావాలి. అవి వచ్చిననాడు చప్పుడు పెరుగుతుంది, పెరగనివ్వండి. అయితే ఆ రోజు వచ్చేలోపు, ఈ తొవ్వలు తొక్కదగినవిగా ఉన్నప్పుడే మన పిల్లలు వీటిని తెలుసుకోవాలి. లేకపోతే రేపు పట్నం పిల్లలు మన ఊళ్ల పటాలు తయారుచేస్తారు, మన పిల్లలు వాటిని ఫోన్‌లో చూసి తమ ఊరికి తొవ్వ తెలుసుకుంటారు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. మా బడిలో ఏడో తరగతి అయిపోయిన ఒక అమ్మాయిని పై బడికి పంపనని వాళ్ల నాన్న అన్నాడు. బడి ఆరు కిలోమీటర్లు. బస్సు సమయం బడి సమయానికి కలవదు. హాస్టల్‌లో వేయడానికి తల్లి ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి మా ఏడు సైకిళ్లలో ఒకదానికి చైను తానే ఎక్కించిన పిల్ల. “సైకిల్ ఇస్తే పంపుతవా అన్నా?” అని అడిగాను. “తొవ్వల చెడిపోతేనో మేడం?” అన్నాడు. “చెడిపోతే నేనే చేసుకుంటా కదా బాబా,” అని ఆ పిల్ల జవాబిచ్చింది. ఆయన ఆ రోజు ఏమీ అనలేదు. జూన్‌లో పంపించాడు.

ఇది మన ఒక్కచోటి సంగతి కాదు. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు పేద ఆడవాళ్లు వేలకు వేలుగా సైకిల్ నేర్చుకున్నారు. చదువు చెప్పడానికి ఊరూరా తిరగాలంటే ఇంకో దారి లేదు మరి. బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సర్కారు సైకిళ్లకు డబ్బులిచ్చింది. దానివల్ల హైస్కూల్ వయసు ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. బడి దగ్గరికి రాలేదు, తొవ్వ మారలేదు. సైకిల్ వచ్చింది, అంతే.

ఇప్పుడు రాసుకునే సంగతి. మేము తొక్కివచ్చిన ప్రతిసారి ఒక నోట్‌బుక్ నింపుతాం. ఊరి పేరు, వాగు పేరు, ఎక్కుడు ఎక్కడ మొదలైంది, నీళ్లు ఎక్కడ దొరికాయి, ఏ పెద్దమనిషి ఏం చెప్పాడు. పేరు రెండు వరుసల్లో రాస్తాం. బోర్డు మీద ఉన్నది ఒకటి, మన నోట్లో ఉన్నది ఒకటి. ఒక ముసలాయన మా పిల్లలను చూసి, “గది రోడ్డోళ్లు పెట్టిన పేరు. మా తాత పెట్టిన పేరు అడుగుండ్రి, చెప్తా,” అన్నాడు. అడిగితే గంటసేపు చెప్పాడు.

ఈ పనిలో భాష కూడా బయటపడుతుంది. ఒక పిల్లవాడు ఒక చోట ‘యేర్’ దొరికింది అని రాశాడు. తెలుగు చెప్పే సార్ దాన్ని ‘ఏరు’ అని దిద్ది, అక్కడ ఏరు లేదు కదా అన్నాడు. పిల్లవాడు రాసింది గోండిలో. గోండిలో యేర్ అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే పారే నీళ్లు. రెండూ ఒకే కుదురు మాటలు. ఆ రోజు తెలుగు సార్, నేను, పిల్లలు కలిసి ఇట్లాంటి మాటలు బోర్డు నిండా రాశాం. కొలాం పిల్లలు తమ మాటలు చెప్పారు. పర్ధాన్ పిల్లలు వాళ్ల తాతలు కథల్లో చెప్పే ఊళ్ల పేర్లు తెచ్చారు. ఒకే వాగుకు మూడు పేర్లు వచ్చిన పేజీలు కూడా ఉన్నాయి. ఏదీ కొట్టివేయలేదు.

టీచర్లకు కొన్ని పని మాటలు. పొద్దున ఆరున్నరకు బయలుదేరి పదకొండుకు తిరిగి రావాలి. ఎండాకాలం అసలు వద్దు. వానాకాలం వాగు మీద నీళ్లు పారుతుంటే మోకాలు లోతైనా దాటవద్దు, వెనక్కి రండి. ముందు ఒక పెద్దమనిషి, వెనక ఒక పెద్దమనిషి, నడుమ పిల్లలు ఒకే వరుసలో. డబుల్స్ వద్దు. పంచరు సామాను, పంపు, ప్రథమ చికిత్స డబ్బా ఉండాలి. కవ్వాల్ పులుల అభయారణ్యం వైపు, పులి తిరిగిందని అటవీశాఖ చెప్పిన చోటుకు పిల్లలను తీసుకుపోవద్దు. ఊళ్లోకి అడుగుపెట్టగానే పటేల్‌ను కలిసి, వచ్చిన పని చెప్పండి. గుడి దగ్గర, దేవుని చెట్టు దగ్గర అడగకుండా ఫోటోలు తీయవద్దు. తల్లిదండ్రుల ఒప్పుకోలు ముందే రాయించుకోండి.

యువకులకు ఒక మాట. కిస్తుల మీద మోటారు సైకిల్ కొన్నవాళ్లను నేను తప్పుపట్టను, దాని అవసరం దానికి ఉంది. కానీ మీ ఇంట్లో మూలన పడ్డ పాత సైకిల్ ఉంటే దానికి ఒక ట్యూబు వేయించండి. ఒక ఆదివారం మీ ఊరి నుంచి పక్క ఊరికి, పెద్ద రోడ్డు కాకుండా పాత బండ్ల బాటలో పోయి రండి. రేపు మన ప్రాంతం చూడడానికి బయటివాళ్లు వస్తారు, ఇప్పటికే వస్తున్నారు. తొవ్వ చూపించే పని, ఊరి కథ చెప్పే పని మీదే కావాలి. దాని మీద వచ్చే నాలుగు పైసలూ మీకే రావాలి. అది కావాలంటే వాళ్లకంటే ముందు మీకు ఆ తొవ్వ తెలియాలి.

మా దగ్గర ఇప్పటికి మూడు నోట్‌బుక్‌లు నిండాయి. ఇరవై రెండు ఊళ్ల పేర్లు ఉన్నాయి. ఎక్కువేమీ కాదు, ఏడు సైకిళ్లకు అయింది అంతే. మీ బడి నుంచి ఒక నోట్‌బుక్ మొదలైతే, రెండు బడుల నడుమ తొవ్వ ఎక్కడ కలుస్తుందో చూసుకుందాం. ఆ వాగు దగ్గర మా పిల్లలూ మీ పిల్లలూ కలిసి దాని పేరు రాస్తారు.